పీత వడలు చల్లారిన రోజు

పోయిన వసంతంలో విట్లాక్ కాలేజీ మహిళల లాక్రోస్ జట్టు కోచ్ డార్సీ కోల్‌గ్రోవ్‌ను విధుల నుంచి సగౌరవంగా తప్పిస్తున్నట్టు క్రీడా విభాగం ప్రకటించింది. కారణం, ఆమె జట్టు ఒక మ్యాచ్ గెలవడం. మేరీలాండ్‌లో మా కాలేజీ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

ఆరేళ్ళ కిందటి ఇంటర్వ్యూలో, లాక్రోస్‌లో వల కట్టిన కర్రతో బంతిని ఎలా అందుకోవాలో ఆమెను ఎవరూ అడగలేదు. "నేను ఆట నేర్పను, మనుషుల్ని తీర్చిదిద్దుతాను" అందామె. కమిటీ కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది.

ఆ తర్వాత జట్టు ఓడడం మొదలుపెట్టింది. నిష్ఠగా, క్రమశిక్షణతో, ఎండలోనూ వానలోనూ ఓడింది. ఒకసారి ప్రత్యర్థుల బస్సు దారి తప్పి సగం మందే దిగితే, ఆ సగం మంది చేతిలోనూ ఓడింది. ప్రతిసారీ డార్సీ లేచి, "మనం ఓడలేదు, ఎదిగాం" అని ఉపన్యసించేది. అలా ఎదిగి ఎదిగి జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. కాలేజీ మురిసిపోయి, ఆమెకు క్రీడాస్ఫూర్తి పురస్కారమిచ్చి కాంట్రాక్టు పొడిగించింది.

అసలు సంగతి విందు. మ్యాచ్ అయ్యాక అమ్మానాన్నలు పార్కింగ్ స్థలంలో కార్ల డిక్కీలు తెరిచి రెండు జట్లకూ భోజనం పెట్టడం మా ఆచారం. మా పీత వడల కోసం ప్రత్యర్థులు ఎగబడి వచ్చేవారు. గెలుపూ దక్కుతుంది, కడుపూ నిండుతుంది. విందు కమిటీ అధ్యక్షురాలు ప్రూడెన్స్ లాత్రోప్ ఆట చివరికొస్తుండగా వడలు నూనెలో వేసేది. ఓటమి ఎప్పుడూ వేళకే వచ్చేది కనుక ఆవిడ అంచనా ఎన్నడూ తప్పలేదు.

ఆ ఏప్రిల్‌లో తప్పింది. ప్రత్యర్థి గోల్‌కీపర్ కళ్ళలో ఎండ పడి, మా బంతులు కొన్ని పొరపాటున లోపలికి వెళ్ళి స్కోరు సమమైంది. అదనపు సమయం ఇచ్చారు. ముందు గోల్ కొట్టినవాళ్ళదే మ్యాచ్. లాత్రోప్ గరిటెతో సహా మైదానం అంచుకు పరుగెత్తుకొచ్చింది.

"కోచ్, వడలు మెత్తబడిపోతున్నాయమ్మా! త్వరగా ఓడిపోండి, పుణ్యముంటుంది!"

డార్సీ కళ్ళు బంతి మీదే ఉన్నాయి. బంతి లాత్రోప్ కూతురు టెస్ కర్రలో ఉంది. టెస్ అలవాటు ప్రకారం దాన్ని ప్రత్యర్థికి అప్పగించబోతూ ఒక్కసారి ఇటు చూసింది.

"కోచ్, ఎదగమంటారా?"

"ఎదిగింది చాల్లే! కొట్టవే!"

టెస్ కొట్టింది. డార్సీ గాల్లోకి ఎగిరింది, ఏడ్చింది, అమ్మాయిలందరినీ వాటేసుకుంది. అబద్ధమెందుకు, నేనూ చప్పట్లు కొట్టాను.

ప్రత్యర్థులు అలిగి, వడ ముట్టకుండా బస్సెక్కారు. "ఇన్ని వడలు ఇప్పుడు ఎవరి మొహాన కొట్టను?" అని లాత్రోప్ తల పట్టుకుంది.

సోమవారం క్రీడా డైరెక్టర్ హాల్ ప్రెంటిస్ డార్సీని పిలిచాడు.

"చూడు డార్సీ, ఇన్నాళ్ళూ నీకు చేతకాదనుకుని అండగా నిలబడ్డాం. తీరా చూస్తే చేతనవును! మరి ఇన్నేళ్ళూ జట్టు ఎందుకు ఓడిందని పూర్వ విద్యార్థులు నిలదీస్తున్నారు. వచ్చే ఏడు మళ్ళీ గెలవమంటారు. ఈ గోల మనకెందుకు చెప్పు?"

"ఒక్క మ్యాచే కదా, హాల్!"

"అన్ని చెడు అలవాట్లూ ఒక్కదానితోనే మొదలవుతాయమ్మా."

తర్వాత వచ్చిన కోచ్, గెలిచే ఉద్దేశం తనకు బొత్తిగా లేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు. చెప్పినట్టే నడుచుకుంటున్నాడు. వడలు మళ్ళీ వేడివేడిగా అందుతున్నాయి.

డార్సీ ఇప్పుడు పొరుగు కాలేజీలో ఉంది. పోయిన వారం తన జట్టుతో వచ్చి మమ్మల్ని చిత్తుగా ఓడించింది. లాత్రోప్ పాత కోపం మరిచి, ప్లేటు నిండా వడ్డించి జాలిపడింది. "పాపం, గెలవడం మొదలుపెట్టాక బాగా చిక్కిపోయావమ్మా. ఇంకోటి వేసుకో."

పక్కనే నిలబడ్డ టెస్ మెల్లగా అడిగింది, "కోచ్, మీ జట్టులో నాకు చోటుందా?"

తల్లి చేతిలోని గరిటె జారి కింద పడింది. ఇంత మంచి కాలేజీలో, పదిమందీ మెచ్చేలా, ఇంత చక్కగా ఓడిపోతున్న పిల్లకు ఏం తక్కువైందో, పిల్లల్ని కన్నవాళ్ళు, మీరైనా చెప్పండి.