రెండు వేళ్ళ ఎత్తు కారు

పళ్ళ డాక్టరుగారి పాత స్పోర్ట్సు కారు నేలకు రెండు వేళ్ళ ఎత్తుకు దిగివచ్చిందని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. కారుకు గాని, డాక్టరుగారికి గాని ప్రమాదమేమీ జరగలేదు. ఇది ఆయన కోరి, ఓడల మీద సామాను తెప్పించుకుని, దగ్గరుండి చేయించుకున్న పని.

పని చేసినవాడు స్ప్రింగుల మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా బళ్ళ కింద పడుకుని బతికినవాడు కాబట్టి, పెద్దమనుషుల ముఖాలకన్నా వాళ్ళ కార్ల పొట్టలే ఆయనకు బాగా గుర్తు. డాక్టరుగారి కారంటే మాత్రం ప్రాణం. ఇద్దరే పట్టే కారు. టాపు లేదు, ముక్కు పొడుగు, వయసులో డాక్టరుగారికన్నా రెండేళ్ళు పెద్ద. దాన్ని చూస్తే మేస్త్రీ చేతులు వాటంతటవే గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టేవి.

ఇంతకూ కారును ఎందుకు దించాల్సి వచ్చిందో చెప్పుకోవాలి. ఊళ్ళో పాత కార్ల సంఘం ఒకటుంది. అందులో కారు ఎంత కిందికి దిగితే యజమాని పరువు అంత పైకి లేస్తుంది. అప్పటి అధ్యక్షుడు ఒక సిమెంటు వ్యాపారి. ఆయన కారు మూడు వేళ్ళ ఎత్తు. డాక్టరుగారు ఆయన మీద రెండుసార్లు పోటీచేసి ఓడిపోయారు. మూడోసారి కూడా ఓడిపోతే ఊళ్ళో నోరు తెరవలేనని భార్య దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఊరందరి నోళ్ళూ తెరిపించేవాడికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది? ఎన్నిక నెలాఖరు ఆదివారం. నిబంధన ఒక్కటే: అభ్యర్థి తన కారును ఇంటి నుంచి తానే నడుపుకుంటూ పది గంటలకల్లా మైదానం చేరాలి. లారీ ఎక్కించినా, తాడు కట్టి లాగినా, వెనక నుంచి నెట్టినా నామినేషను రద్దు.

మేస్త్రీ డాక్టరుగారి షెడ్డులోనే కారును స్టాండ్ల మీదికెక్కించి పని మొదలుపెట్టాడు. పాత షాకబ్జార్బర్లు నూనె కక్కి ఎప్పుడో పదవీ విరమణ చేశాయి. కొత్త సామానులో స్ప్రింగు షాకబ్జార్బరు బొంగుకే తొడిగి ఉంటుంది. బొంగు ఒళ్ళంతా బోల్టుకున్నట్టు మర, మర మీద ఒక రింగు. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత. ఆ సామాను గొప్పతనమంతా అదే. మేస్త్రీ మరలకు బ్రష్షు కొట్టి గ్రీజు రాశాడు. కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షుల బోల్టులు సగమే బిగించి వదిలాడు. కారు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి పాడవుతుందని, కారు తన కాళ్ళ మీద నిలబడ్డాకే బిగించాలని ఆయనకు తెలుసు.

"మన వీధికి బెత్తెడు పైనే ఉంచుదాం డాక్టరుగారూ. మైదానానికి వెళ్ళాక దించుకోవచ్చు. అరగంట పని" అన్నాడు.

"రెండు వేళ్ళు."

"దారిలో కొట్టుకుంటుందండీ."

"రెండు వేళ్ళని నామినేషను ఫారంలో రాసేశాను మేస్త్రీ! నేనన్నా మాట తప్పచ్చుగానీ కారు తప్పకూడదు."

చెప్పినట్టే దించి, బోల్టులు బిగించాడు మేస్త్రీ. డాక్టరుగారి భార్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇది నిలబడిందా, పడుకుందా?" అని అడిగింది. డాక్టరుగారు ఆ మాటను ప్రశంస కింద జమకట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కారు గేటు దాటింది. ఆరడుగులు పోయి వీధిలోని స్పీడుబ్రేకరు ముందు మోకరిల్లింది. ఆ స్పీడుబ్రేకరు సామాన్యమైనది కాదు. వీధి సంక్షేమ సంఘానికి కూడా అధ్యక్షుడైన డాక్టరుగారు, పిల్లల భద్రత కోసం మూడేళ్ళు అర్జీలు పెట్టి సాధించినది. ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కత్తిరించారు.

"రింగు నాలుగు చుట్లు తిప్పితే దాటేస్తుందండీ" అన్నాడు మేస్త్రీ, స్పానరు చేతిలో పట్టుకుని.

డాక్టరుగారు ఆయన వైపు జాలిగా చూశారు. ఆ సాయంత్రమే వీధి సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"సోదర సోదరీమణులారా! అడ్డంకులున్న వీధి అభివృద్ధి చెందిన వీధి అనిపించుకుంటుందా? మన పిల్లల దారికి అడ్డంగా ఈ గట్టు కట్టిన దుర్మార్గులు ఎవరు?" అని డాక్టరుగారు గర్జించారు. ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు. స్పీడుబ్రేకరు కావాలన్న తీర్మానం, వద్దన్న తీర్మానం ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో, రెండూ ఏకగ్రీవంగా, అవే సంతకాలతో ఇప్పటికీ చూడవచ్చు.

తీర్మానం చేస్తే చాలదు, రోడ్ల ఇంజనీరు ఒప్పుకోవాలి. దైవికంగా ఆ ఇంజనీరుగారి కింది దవడలో పన్ను ఒకటి సగం పనిలో ఉంది. నోట్లో రెండు గొట్టాలు, ఒక అద్దం ఉండగా డాక్టరుగారు అర్జీ చదివి వినిపించారు. "ఊఁ" అన్నారు ఇంజనీరుగారు. అది నొప్పో సమ్మతో తేల్చడానికి శాఖలో ప్రత్యేక విధానమేదీ లేనందున సమ్మతిగానే పరిగణించారు. తెల్లారేసరికి స్పీడుబ్రేకరు లేదు.

కారు మళ్ళీ బయల్దేరింది. ఈసారి ఇరవై అడుగులు పోయి ఒక గుంటలో ఆగింది. గుంటలు ఆ వీధికి కొత్త కాదు. పదకొండేళ్ళుగా వాటిలో స్కూటర్లు పడ్డాయి, స్కూలు రిక్షాలు పడ్డాయి, ఒక పెళ్ళికొడుకు కూడా పడ్డాడు. వాళ్ళంతా లేచి, దులుపుకుని, ఎవరి పనికి వాళ్ళు పోయారు. మనుషులు కాబట్టి చెల్లింది. స్పోర్ట్సు కారు అలా దులుపుకుని పోయే జాతి కాదు.

"ఆరు చుట్లు తిప్పితే..." అని మేస్త్రీ నోరు తెరవబోయాడు.

"మేస్త్రీ! కారులో లోపం ఉందా, రోడ్డులోనా?"

"రోడ్డులోనే అనుకోండి..."

"మరి కారును ఎందుకు శిక్షిస్తాం?"

మేస్త్రీకి ఒళ్ళు మండింది. ఆ సామాను తిప్పడానికే పుట్టింది. అది తప్ప ఊళ్ళో మిగతావన్నీ తిరుగుతున్నాయి.

ఇంజనీరుగారి పన్నుకు ఇంకా తొడుగు వెయ్యలేదు. కాబట్టి మూడో రోజుకల్లా వీధిలోకి కంకర వచ్చింది, తారు వచ్చింది, రోలరు వచ్చింది. పనికి 'చారిత్రక వాహన సంరక్షణ పథకం' అని పేరుపెట్టారు. వీధి జనం డాబాలెక్కి చూసి ఆనందబాష్పాలు రాల్చారు. శనివారం సాయంత్రానికి రోడ్డు అద్దంలా తయారైంది. ఆ రాత్రే ఇంజనీరుగారికి తొడుగు వేశారు. ఆయన ఇకమీదట ఏ నొప్పీ రాని ఆరోగ్యవంతుడై ఇంటికి వెళ్ళిపోయారు.

ఆదివారం ఎనిమిది గంటలకు డాక్టరుగారు కోటు వేసుకుని, దండకు మెడ ఖాళీగా ఉంచుకుని, కారెక్కారు. కారు గేటు దాకా వచ్చి ముక్కు ఠంగుమనిపించింది. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్తది పరవడం ఆ శాఖవారి సంప్రదాయం. గేటు కింద ఉంది, రోడ్డు బెత్తెడు పైన ఉంది.

డాక్టరుగారు ఇంజనీరుకు ఫోను చేశారు. "సెలవు రోజండీ" అని స్పష్టమైన ఉచ్చారణతో జవాబు వచ్చింది. ఇళ్ళను జాకీలతో పైకి లేపే కంపెనీవాళ్ళకు ఫోను చేశారు. ఇల్లు లేపడానికి అభ్యంతరం లేదుగానీ మంగళవారం వస్తామన్నారు. గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. డాక్టరుగారు స్టీరింగు మీద తల వాల్చేశారు. పాపం, మనిషి నిజంగానే కుంగిపోయారు.

భార్య గుమ్మంలోంచి వచ్చింది. "మీరు చెప్పగానే ఊరంతా నోరు తెరుస్తుంది కదా, మీరొక్కసారి చెవి తెరవండి. ఆ మేస్త్రీ మొదటి రోజు నుంచీ ఏదో చెబుతున్నాడు."

"తిప్పు మేస్త్రీ" అన్నారు డాక్టరుగారు, తల ఎత్తకుండానే. "ఎవరికీ చెప్పకు."

మేస్త్రీ కారు కింద దూరాడు. రాసిన గ్రీజు ఊరికే పోలేదు. రింగులు నాలుగూ వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగాయి. ఇరవై ఎనిమిది నిమిషాలకు లేచి చేతులు తుడుచుకున్నాడు. కారు గేటు దాటి, రోడ్డెక్కి, మలుపు దగ్గర ఒరగకుండా జర్రున తిరిగిపోతుంటే మేస్త్రీ కళ్ళు చెమర్చాయి. చేసిన పని బాగా పరుగెత్తుతుంటే చూడడంలో ఉన్న సుఖం అధ్యక్షులకు తెలియదు.

మైదానంలో సిమెంటు వ్యాపారి వంగి, కారు కింద చెయ్యి పెట్టి కొలిచి, "రెండు వేళ్ళన్నారు, ఆరు వేళ్ళుందేం?" అన్నాడు. డాక్టరుగారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా! దించడం ఎవడైనా దించుతాడు. దించినదాన్ని లేపగలిగినవాడే నాయకుడు! ఈ సత్యాన్ని నేను మొదటి నుంచీ నమ్ముతున్నాను."

చప్పట్లు ఆగలేదు. ఆయన భారీ ఆధిక్యంతో గెలిచారు. సంఘంలో పరువు ఇప్పుడు పైకి కొలుస్తున్నారు. సిమెంటు వ్యాపారి నిచ్చెన వేసుకుని కారెక్కుతున్నాడని వినికిడి.

సోమవారం పొద్దున మేస్త్రీ తన షెడ్డు తలుపు తీసేసరికి వెనకవీధి వాళ్ళు పాతికమంది వరసలో నిలబడి ఉన్నారు. ముందు రిటైరైన లెక్కల మాస్టారు, చంకలో లావుపాటి ఫైలు.

"మా వీధి గుంటల మీద తొమ్మిదేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను నాయనా" అన్నారు మాస్టారు. "పిల్లలు పడ్డారని రాశాను. ముసలాళ్ళ తుంటెముకలు విరిగాయని ఎక్సురేలు జతచేశాను. కారు పొట్ట గీసుకుంటుందని రాయాలని మాత్రం తట్టలేదు. తెలివితక్కువ!"

"కారు తీసుకురండి మాస్టారూ, దించుదాం" అన్నాడు మేస్త్రీ.

"మా వీధిలో కారెవరికుంది? ఎత్తు ఇంత అని నువ్వొక కాగితం రాసి సంతకం పెట్టు, చాలు. రోడ్డు పడ్డాక కారు సంగతి చూసుకుంటాం."

ముప్పై ఏళ్ళలో మేస్త్రీ సరిగ్గా చెప్పినవేవీ ఎవరూ వినలేదు. చేతులు తుడుచుకుని పెన్ను తీశాడు.

"ఎంత రాయమంటారు?"

"ఒక వేలు రాయి."

వరస వెనక నుంచి ఒకావిడ కేకేసింది. "అర వేలు రాయించండి మాస్టారూ, మన వీధి పొడుగెక్కువ!"