కలెక్టరు మెడలో నా గంట

నేను పరుగు మొదలుపెట్టిన రోజు ముదిగుబ్బలో ఎవరూ నన్ను పరిగెత్తనివ్వలేదు. ఆ తర్వాత జరిగిన వాటికి బాధ్యత ఊరిదే కానీ నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

రెండువేల మూడు ప్రాంతం. వానలు లేక నా బట్టల అంగడికి ఎవరూ వచ్చేవారు కాదు. కూర్చుని తినడమే పని. ఊరంతా కరువు, నా నడుము చుట్టూ మాత్రం సుభిక్షం. డాక్టరు నా రక్తపరీక్ష చూసి, "నరసింహప్పా, ఒంట్లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టినావా?" అన్నాడు. రోజూ పొద్దున్నే పరిగెత్తాలి, లేకుంటే సూదులే గతి అన్నాడు.

సూదికి నేను భయపడలేదు. పక్కనే ఉన్న నా భార్య ఓబులమ్మ మాటకు భయపడ్డాను.

"పరిగెత్తితే ఉగాదికి ఓళిగలు. ల్యాకుంటే పండగపూట గూడా నీకు రాగి సంగటే!"

ఓబులమ్మ చేసే ఓళిగలో, అంటే బొబ్బట్టులో, పూర్ణం అంచుల దాకా ఉంటుంది. పైన నెయ్యి చేతి మీదుగా మోచేతికి కారుతుంది. దానికోసం కదిరి దాకా పాకమన్నా పాకుతాను. పరిగెత్తమంటేనే కష్టం.

మర్నాడు తెల్లవారుజామునే లేపి, లారీవాళ్లకు కనబడాలని తెల్ల చొక్కా తొడిగింది.

"కుడిపక్కన పో. ఎదురుగా వచ్చే బండి నీకు కనపడాల, నువ్వు దానికి కనపడాల."

"నా బొజ్జ ధర్మవరం దాకా కనపడతాది లేవే."

"కనపడితే సాలదు, ఇనపడాల గూడా!" అంటూ పాత ఎద్దు గంటొకటి తెచ్చి నా నడుముకు కట్టింది. "మిద్దె మింద నిలబడి ఇంటాంటా. గంట మోగతాంటే నువ్వు పరిగెత్తుతాండావని నాకు తెలుస్తాది."

కట్టుకున్న మొగుణ్ణి నమ్మే పద్ధతేనా ఇది, మీరే చెప్పండి.

రోడ్డెక్కానో లేదో, మా వీధి తిమ్మప్ప మోపెడ్ ఆపాడు.

"ఏమన్నా, బస్సు తప్పిపోయిందా? ఎక్కు!"

"లేదప్పా, ఊరికే పరిగెత్తుతాండా."

"ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా? మొగమాటం వద్దు, ఎక్కన్నా!"

మా వైపు మనిషి కాలినడకన కనబడితే బండి ఆపకుండా పోవడం మర్యాద కాదు. మోపెడ్ దిగితే ట్రాక్టరు ఆగింది. ట్రాక్టరు దిగితే, నన్నెవరో తరుముతున్నారనుకుని ముసలి రంగన్న కట్టె పట్టుకుని నా తరఫున రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన నిలబడింది సరిగ్గా మదీనాబీ హోటలు ముందు. లోపలినుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీల వాసన. విధిని ఎదిరించడానికి నేనెవర్ని?

గంటొక్కటే అడ్డం. అప్పుడే ఎర్రప్ప గొర్రెల మంద అటుగా వచ్చింది. ముందు నడిచే పొట్టేలు పేరు కలెక్టరు. అది ఎటు పోతే మిగతావన్నీ ఎందుకని అడక్కుండా అటు పోతాయి. నా గంట విప్పి దాని మెడలో కట్టాను. గంట మేతకు పోయింది, నేను బజ్జీలకు పోయాను. మంద తిరిగొచ్చాక గంట నడుముకు కట్టుకుని, మొహం మీద నీళ్లు చల్లుకుని, రొప్పుతూ ఇల్లు చేరాను. ఇక రోజూ అదే వ్యాయామం.

కొన్నాళ్లకు ఓబులమ్మ అడిగింది: "ఏమయ్యా, ఇంత పరిగెత్తినా బొజ్జ తగ్గల్యా?"

"లోపలంతా ఊపిరే. నిలవ చేసుకుంటాండా."

ఆమె సరేనని తలూపింది. ఓబులమ్మ వెంటనే ఒప్పుకుందంటేనే నేను అనుమానించాల్సింది.

ఉగాది ముందురోజు రెండో ప్లేటు ఉగ్గాని మీద ఉన్నాను. నా గంట మోగుతోంది, కానీ ఊరివైపు నుంచి! బయటికొస్తే మంద కదలకుండా కట్టె అడ్డం పెట్టుకుని ఎర్రప్ప బీడీ కాలుస్తున్నాడు.

"కలెక్టరేడప్పా?"

"ఊళ్లోకి పోయినాడన్నా, తనిఖీకి."

నా ఓళిగలు కళ్లముందే మాడిపోయాయి. నాకంటే ముందు గంట ఇల్లు చేరితే కొంప కొల్లేరే! బజ్జీ వదిలేసి పరుగందుకున్నాను. తిమ్మప్ప మోపెడ్ ఎదురైంది. "ఆపప్పా!" అని అరిచాను. నాకో దండం పెట్టి వెళ్లిపోయాడు. ట్రాక్టరూ ఆగలేదు. రంగన్న మాత్రం కట్టె ఎత్తి, ఈసారి నా వెనకే తరుముకొచ్చాడు.

ఇంటి ముందు కలెక్టరు దర్జాగా చెనక్కాయ కట్టె, అదే ఎండిన వేరుశనగ మేత, నములుతున్నాడు. అరుగు మీద ఓబులమ్మ.

"ఇప్పుడా వచ్చేది? నీ గంట, గంట ముందే వచ్చింది!"

అరుగు పట్టుకుని రొప్పాను. ఈసారి రొప్పు నిజమే.

"పోయిన వారం లారీ బ్రేకు కీసుమన్నింది. ఆ ఎనకాలే గంట నిలిచిపోయింది. చెప్పులు గూడా ల్యాకుండా రోడ్డు మిందికి ఉరికినా. చూస్తే ఈ పొట్టేలు తుమ్మకాయలు తింటాండాది. హోటల్లోనించి నీ నవ్వు ఇనపడింది. ఆడనే కూర్చోని ఏడ్చినా."

"ఎందుకే?"

"బతికుండావని. ఏడ్చినంక, నిన్ను సంపాలనుకున్యా." నా వైపు వేలు చూపింది. "పరిగెత్తమన్నింది నిన్ను. పరిగెత్తింది నేను!"

అరుగు మీద ఆమె పక్కన కూలబడ్డాను. "తప్పయిందే," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. నేను దేవుడికి పరుగు మొక్కుకున్నానని, బండెక్కించుకుంటే పాపం తగులుతుందని ఊరంతా చాటించిందట. ఎర్రప్పతో మందను ఆపించి, చెనక్కాయ కట్టె చూపించి కలెక్టరును ఇంటికి పిలిపించిందీ తనేనట.

ఉగాదినాడు కలెక్టరుకు ఒక ఓళిగ పెట్టింది, నాకు సగం. "నీ పేరుతో దినామూ తిరిగింది వాడే గదా," అంది. న్యాయమే.

ఇప్పుడు గంట నా నడుముకే ఉంది. అలవాటుపడిన మంద ఆ చప్పుడు వింటే చాలు, నా వెంటే వస్తుంది. ఒక కలెక్టరు నా వెనక నడవడం మా వంశంలో ఇదే మొదలు. మదీనాబీ హోటలు దగ్గర నేను కాస్త నెమ్మదిస్తే మాత్రం వెనకనుంచి కొమ్ములతో ఒక్కటిస్తాడు. ఆ విద్య వాడికి ఎవరు నేర్పారని నేను అడగలేదు. వాడికి రోజూ చెనక్కాయ కట్టె వేసేది ఎవరో నాకు తెలుసు.