లెక్కలేని నెయ్యి

ఆ ఉదయం జనార్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బరువు చూసే మిషనెక్కి తగ్గిన అంకె చూసుకోవడం, వెన్నముద్ద వేసిన కాఫీ తాగడం, శామీర్‌పేటలో తన ప్లాట్ల వెంచర్ దగ్గరికి వెళ్లడం. మొదటిదే చెడింది. పోయిన నెల కంటే మూడు కిలోలు ఎక్కువ. దిగి మళ్లీ ఎక్కాడు. బనీను విప్పి ఎక్కాడు. అంకె మారలేదు గానీ, అసలే ముక్కు మీదుండే కోపం నెత్తికెక్కింది.

కారణం లేకపోలేదు. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క జాతరకు ఆయన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని భార్య ఇందిరమ్మ మొక్కు. పోయిన జాతరకు తూగిన బెల్లం చూసి లాల్‌గడి మలక్‌పేట్ ఊరంతా నవ్వింది. అన్నం, రొట్టె, చక్కెర మానెయ్యి, నెయ్యీ మాంసం ఎంతైనా తిను అని ఫోన్ వీడియోలో ఎవరో చెబితే ఆయన దాన్ని పట్టుకున్నాడు. మొదటి నెల చకచకా తగ్గాడు. ఆ ఊపులో నలుగురి మధ్యా మాట విసిరాడు. ఈసారి బెల్లం తక్కువ తూగితే ఇంట్లో బియ్యం బస్తా కనబడకూడదు, ఎక్కువ తూగితే ఇందిరమ్మ ఏది వడ్డిస్తే అది నోరు మూసుకుని తింటాడు. వరి పండించే ఇంట పుట్టి వరి పండించే ఇంటికొచ్చిన ఇందిరమ్మకు ఒళ్లు మండిపోయింది. తన వంటింట్లో అన్నం ఉడకాలో వద్దో జాతర త్రాసు చెప్పాలా?

ఎదురు కాలనీలో ఉండే యజ్ఞనారాయణ ఆ ఉదయం పాల కోసం వచ్చి ఈ గొడవ విన్నాడు. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఊరుకోలేని మనిషి.

"అన్నం మానితే మొదట పోయేది ఒంట్లో నీరండీ. ఆ తర్వాత ఆకలి తగ్గి, తక్కువ తింటాం కాబట్టి తగ్గుతాం. మీరేమో ఆకలి లేకపోయినా గరిటెలతో పోసుకుంటున్నారు. నేతికీ కేలరీలుంటాయి, పిండికి రెట్టింపు పైనే."

"కేలరీలు అన్నం తినేటోళ్లకు సారూ. నెయ్యి తినేటోనికి లెక్కలేదు," అన్నాడు జనార్ధన్.

లెక్క లేకపోతే బరువెలా పెరిగింది? ఎవరో దొంగచాటుగా పిండి పెడుతున్నారు. కూరలో శనగపిండి కలుపుతున్నావా అని భార్యను నిలదీశాడు. ఆమె డబ్బాలన్నీ ఆయన ముందు బోర్లించి వెతుక్కోమంది. ఏమీ దొరకలేదు. అనుమానం నేతి మీదికి పోయింది. నెయ్యి ఇంటిదే, పాలు ఇంటి బర్రెవే. మరి బర్రె తినేదేమిటి? తవుడు. తవుడు వచ్చేదెక్కడ నుంచి? వడ్ల నుంచే. ఇంకేముంది, దొంగ దొరికింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, బర్రెను చూసుకునే ముసలి జంగయ్యను పిలిచి తవుడూ జొన్న చొప్పా బంద్ చెయ్యమన్నాడు.

"మరి ఏం బెట్టాలె పటేలా? మాంసం దింటదా అది?" అన్నాడు జంగయ్య.

పిడికెడు పచ్చగడ్డి వేసి ఊరుకోమన్నాడు జనార్ధన్.

వారం తిరిగేసరికి పాలు సగానికి పడ్డాయి. యజ్ఞనారాయణ ఖాళీ క్యానుతో వెనక్కి పోయాడు. ఇంట్లో మనవరాలికి పాలు లేకుండా చేశావని ఇందిరమ్మ వీధికి వినబడేలా దులిపేసింది. ఇంటిల్లిపాదీ తన మీద కుట్ర పన్నారని తేల్చుకుని, జనార్ధన్ స్టవ్వూ గిన్నే సర్దుకుని పొలంలో బావి దగ్గరి గదికి మకాం మార్చాడు. బజారు నుంచి పెద్ద నేతిడబ్బా తెచ్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తనే వండుకున్నాడు. అనుమానం లేని తిండి కదా, కోపమొచ్చినప్పుడల్లా కొవ్వుముక్కలు వేయించుకుని మీద నెయ్యి పోసుకున్నాడు. కోపం పూటపూటా వస్తూనే ఉంది.

జాతర ముందు ఆదివారం మేడ్చల్‌లో బెల్లం దుకాణం ముందు పెద్ద త్రాసు కట్టారు. ఊరివాళ్లు చుట్టూ మూగారు. జనార్ధన్ ఒక పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండో దాంట్లో పోయినసారి తూగినన్ని బెల్లం దిమ్మలు వేశారు. ఆయన పళ్లెం నేల విడవలేదు. ఇంకోటి వేశారు. ఇంకా రెండు వేస్తే అప్పుడు లేచింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాంటా ఖరాబైందని ఆయన దుకాణందారు మీద ఎగిరాడు. పక్క దుకాణంలోనూ అంతే తూగింది. ఇక మిగిలింది భార్యే.

"ఎవలో కలిపిన్రు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఇందిరమ్మకు ఇన్నాళ్ల కోపమూ గొంతుదాకా వచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"బాయికాడ వండింది ఎవలు?"

"నేనే."

"నెయ్యిడబ్బా తాళంచెవి ఎవల తాన ఉన్నది?"

జనార్ధన్ చెయ్యి మొలతాడు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. తిట్టడానికి చుట్టూ చూశాడు. తను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం ఇందిరమ్మ కంచం పెట్టింది. ఒక గరిటె అన్నం, పాలకూర పప్పు, ఒక్క చెంచా నెయ్యి.

"గింతేనా?"

"గంతే. నా ఇంట్ల నెయ్యికి లెక్కున్నది."

మాటిచ్చిన మనిషి కాబట్టి కిక్కురుమనకుండా నమిలాడు. కిటికీలోంచి చూస్తే, కొట్టంలో డొక్కలు తేలిన బర్రె ముందు జంగయ్య గంపెడు తవుడు పోస్తున్నాడు. జనార్ధన్ పెట్టిన నియమం తప్పకుండా పాటించి ఆ ఇంట్లో సన్నబడింది అదొక్కటే.