సందేహాలు లేని విద్యార్థి

"ఈ విశ్వవిద్యాలయంలో సుఖవ్యాధుల గురించి తెలియని విద్యార్థి ఒక్కడు మిగిలినా నేను నిద్రపోను!" అని మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. 'సుఖవ్యాధి' అన్న మాట నోటితో పలకడానికి డీన్‌గారికి సిగ్గు. అందుకని ఆ రోజు నుంచీ దానికి 'అసౌకర్యం' అని పేరు పెట్టి, అవగాహన ఉద్యమం మొదలుపెట్టారు.

ఫిజిక్సు చదివే ఒక పొడుగాడికి ప్రాణం లేచొచ్చింది. వారంగా వాడికి ఒంటేలుకి వెళ్తే మంట. క్యాంపస్ ఆస్పత్రికి పరిగెత్తాడు.

"అలాంటివి ఇక్కడ చూశామంటే, ఇక్కడ ఉన్నాయని ఒప్పుకున్నట్టే కదా బాబూ!" అన్నాడు డాక్టరు. "జలుబుంటే చెప్పు, చూస్తాను."

పొడుగాడు జలుబు మాత్రలు తెచ్చుకున్నాడు. ఆ సంగతి వాడి స్నేహితురాలికి చెప్తే మండిపడింది.

"మాత్రలు కాదురా మొద్దూ, టెస్టు! నీకొక్కడికే కాదు, నాకూ చెయ్యాలి. ఎక్కడ చేస్తారో రేపు క్లాసులో అడుగు. నువ్వు అడక్కపోతే మీ అక్కకి ఫోన్ చేస్తా."

మర్నాడు డీన్‌గారి అవగాహన తరగతి. హాలు కిక్కిరిసింది. అబ్బాయిలొక వైపు, అమ్మాయిలొక వైపు, మధ్యలో తెర. పొడుగాడు లేచాడు.

"సార్, టెస్టు ఎక్కడ చేస్తారండీ?"

"నీకెందుకు?"

"నాకు కాదు సార్, ఫ్రెండుకి."

"అయితే ఆ ఫ్రెండు నాన్నగారి ఫోన్ నంబరు చెప్పు."

పొడుగాడు కూలబడ్డాడు. డీన్‌గారు చిరునవ్వుతో, "అసౌకర్యం గురించి ఎవరికేం తెలుసో చెప్పండి, భయం లేదు" అన్నారు. తెరకి అవతల స్నేహితురాలు లేచింది. కండోమ్ ఎందుకో, మందు ఇద్దరూ కలిసి ఎందుకు వాడాలో, సిగ్గుపడి దాచుకుంటే ఏమవుతుందో గడగడా చెప్పేసింది.

"శభాష్! ఇవన్నీ ఎలా తెలుసమ్మా?"

"పుస్తకంలో చదివాను సార్."

"ఎవరితో కలిసి చదివావు?"

సాయంత్రానికల్లా వాళ్ళమ్మ వచ్చింది. "మా పిల్లకేమీ తెలియదండీ, పెద్ద మనసుతో క్షమించండి" అని చేతులు జోడించి, పిల్లని ఇంటికి తీసుకుపోయింది. టెస్టు మాట అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత ఏ తరగతిలోనూ ఒక్క చెయ్యి లేవలేదు. "ఎవరికీ సందేహాలే లేవు. అంటే అవగాహన సంపూర్ణం" అని డీన్‌గారు పైకి రిపోర్టు పంపారు. అంత గొప్ప నిజాన్ని అంత తక్కువ మాటల్లో చెప్పడం ఆయనకే చెల్లింది.

ముగింపు సభకి మంత్రిగారే వచ్చారు. అన్ని తరగతులకూ వచ్చి, మొదటి రోజు తప్ప మళ్ళీ నోరు విప్పని పొడుగాడికి 'సందేహరహిత విద్యార్థి' పతకం ప్రకటించారు. వాడు కాళ్ళు ఎడం చేసుకుని మెల్లగా వేదిక ఎక్కాడు. వినయమంటే అదీ, అని అందరూ మెచ్చుకున్నారు.

మంత్రిగారు మెడలో పతకం వేస్తుంటే, ఇంతకంటే పోయేదేముందని వాడు ఆయన చెవిలో గొణిగాడు.

"సార్, టెస్టు ఎక్కడ చేస్తారండీ?"

మంత్రిగారి నవ్వు చెక్కుచెదరలేదు. కెమెరాల వైపే చూస్తూ, పెదవి కదపకుండా అన్నారు:

"బస్టాండు వెనక సందు. కళ్ళజోళ్ళ షాపు పక్కన మెట్లు. చీకటి పడకముందే వెళ్ళు, తర్వాత మావాళ్ళ రద్దీ. రెండో ఇంజెక్షను మాత్రం ఎగ్గొట్టకు బాబూ, మళ్ళీ మొదటికొస్తుంది."

తర్వాత మైకు అందుకున్నారు.

"ఈ కుర్రాడు నా దీవెన అడిగాడు!"

హాలంతా చప్పట్లు. డీన్‌గారు కళ్ళు తుడుచుకున్నారు.