తిరగేయకూడని కేకు

ప్రజాస్వామ్యానికి పునాది స్పాంజి కేకు! రాజ్యాంగం రాసినవాళ్ళు హడావుడిలో ఈ మాట వదిలేశారు గానీ, మా వర్రాబిన్ నియోజకవర్గంలో గొర్రెలక్కూడా ఇది తెలుసు. తెలియని ప్రాణి ఒక్కటే. ఆవిడే మా శాసనసభ్యురాలు లోర్నా ట్రెగెంజా. నా పేరు డాట్, ఆవిడ ఆఫీసులో సెక్రటరీని కాబట్టి ఆ పతనాన్ని నేను దగ్గరుండి చూశాను.

అసలు ఆవిడ గెలవడమే పొరపాటు. మా దగ్గర ఆవిడ పార్టీ గెలిచిన పాపాన పోలేదు. గెలవని చోట ఆడమనిషిని నిలబెట్టి, "చూశారా, స్త్రీలంటే మాకెంత గౌరవమో!" అని చెప్పుకోవడం దాని అలవాటు. అలా బడిలో లెక్కలు చెప్పుకునే లోర్నాను పట్టుకొచ్చి నిలబెట్టారు. అవతల నిలబడ్డ పెద్దమనిషేమో సరిగ్గా పోలింగు ముందు పొరుగువాడి గొర్రెల్ని తన మందలో కలిపేసుకుంటూ దొరికిపోయాడు. ఫలితం తెలియగానే పార్టీ అధ్యక్షుడు ఫోను చేసి, "అయ్యో, ఎలా జరిగింది?" అని పరామర్శించాడు!

గెలిచాక ఇంకో ఘోరం చేసింది. తన ప్రచార పోస్టరు తనే చదివింది. "వర్రాబిన్ ప్రసూతి వార్డును మూయనివ్వం" అని ఉంది అందులో. ఆరోగ్యశాఖ దాన్ని మూసేస్తామనగానే సొంత పార్టీ మంత్రి మీదే నిండుసభలో లేచింది.

"అది పోస్టరు, లోర్నా! గోడకి అంటించేది!" అన్నాడట మంత్రి.

"ఆ గోడ మా ఊళ్ళోదండీ," అందట ఈవిడ.

వార్డు నిలిచింది. మా అమ్మాయి జనీన్ తొలి కాన్పు అక్కడే అయింది. అది లేకపోతే పెద్దాసుపత్రికి పొద్దుపోయే దాకా కారు ప్రయాణం, దారి పొడవునా కంగారూలు అడ్డం. అందుకే లోర్నా అంటే నాకు ప్రాణం, దాచుకోను.

ఊరు కూడా ఆవిడను నెత్తిన పెట్టుకుంది. ఆ వసంతంలో వ్యవసాయ ప్రదర్శన వచ్చేదాకానే లెండి. గొర్రెలకీ గోధుమలకీ పళ్ళ జామ్‌లకీ అక్కడ బహుమతులిస్తారు. స్పాంజి కేకు బహుమతి మాత్రం కౌన్సిల్ అధ్యక్షుడు పెంగెల్లీగారి భార్య మ్యూరియల్‌ది. ఇంకెవరికైనా వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. కేకు ఇంట్లోనే చేయాలని నిబంధన. జడ్జి ప్రతి కేకునూ తిరగేసి, వేడి కేకును చల్లార్చడానికి పెట్టే ఇనప జాలీ గీతలు అడుగున పడ్డాయేమో చూడాలి. పడితే మార్కులు పోతాయి. మ్యూరియల్ కేకును మాత్రం ఎవరూ తిరగేయరు. అదొక మర్యాద.

ఆ ఏడు జడ్జికి జబ్బు చేసి, లోర్నాను కూర్చోబెట్టారు. నేను చెవిలో ఊదాను.

"ఆ చివరిది తిరగేయకు తల్లీ."

"అదేంటి డాట్, మిగతావన్నీ తిరగేశానుగా!"

తిరగేసింది. అడుగున పక్కూరి బేకరీ కాగితం, పేరుతో సహా, అతుక్కుని ఉంది!

ప్రదర్శనకొచ్చిన కోళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. మా వీధి పెద్దావిడ హాకింగ్‌గారు బుగ్గలు నొక్కుకుంది.

"ఆ కాగితం మా అందరికీ ఎప్పుడో తెలుసు. దాన్ని పైకి చూపించే మనిషిని ఇప్పుడే చూస్తున్నాం!"

మ్యూరియల్ ఏడ్చింది. ఎన్నికలు రాగానే పెంగెల్లీ లోర్నా మీద నామినేషన్ వేశాడు. ఆయన ప్రచారమంతా ఒక్కటే మాట. "కేకునే వదలని మనిషి, రేపు మీ ఇంటికొచ్చి ఏం తిరగేస్తుందో!" ఊరు వణికిపోయింది. తిరగేస్తే బయటపడేది ఏదో ఒకటి ఎవరింట్లో లేదు గనక? లోర్నా ఓడిపోయింది.

ఆవిడ వీడ్కోలు టీకి ఆడవాళ్ళు తలో పళ్ళెం ఫలహారం పట్టుకుని ఊరి హాలుకొచ్చారు. వచ్చినవాళ్ళంతా ఆవిడ చేయి పట్టుకుని, "నా ఓటు నీకే వేశానమ్మా" అన్నవాళ్ళే.

"ఇంతమంది వేస్తే ఎలా ఓడిపోయానబ్బా!" అని లెక్కల టీచరు నిజంగానే ఆశ్చర్యపోయింది.

అంతలో కొత్త శాసనసభ్యుడు పెంగెల్లీ సతీసమేతంగా దిగాడు. మ్యూరియల్ చేతిలో స్పాంజి కేకు. ఆరోగ్యశాఖ వార్డు ఫైలును మళ్ళీ దులిపిందని, ఈయన ఊ అంటే తలుపులు మూసేస్తారని అప్పటికే అందరికీ తెలుసు. నిండు చూలాలైన మా జనీన్ ఓ మూల కుర్చీలో కూర్చుని ఉంది. లోర్నా దాని వైపోసారి చూసింది.

"వార్డు సంగతి ఏం చేస్తున్నారు?" అని ఆయన్ని సూటిగా అడిగింది.

"పరిశీలిస్తున్నామమ్మా. కానీ ఇంట్లో మనశ్శాంతి ఉంటేగా పరిశీలించడానికి! మా ఆవిడ ఆనాటి నుంచి ముద్ద మింగడం లేదు," అన్నాడాయన, కేకు వైపు చూస్తూ.

మ్యూరియల్ ఓ ముక్క కోసి లోర్నాకు అందించింది. అడుగున కాగితం అంచు నాక్కూడా కనిపించింది. లోర్నా దాన్ని కాగితంతో సహా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది.

"ఇంత మంచి కేకు నేనెప్పుడూ తినలేదు మ్యూరియల్! ఇంట్లో చేసింది ఇంట్లో చేసిందే. ఆ రోజు పొరపాటు నాదే," అని హాలంతా వినబడేలా చెప్పింది.

చప్పట్లు మారుమోగాయి. మ్యూరియల్ ఆవిడను కావలించుకుని ఏడ్చింది. పెంగెల్లీ కుర్చీ ఎక్కి, ప్రసూతి వార్డు జోలికి ఎవరొచ్చినా ఊరుకోనని గర్జించాడు. నేను వంటగదిలోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. ఆ కేకు ముక్క ఆవిడ గొంతులో ఎలా దిగిందో నాకు తెలుసు.

బయటికొచ్చేసరికి హాకింగ్‌గారు లోర్నా రెండు చేతులూ పట్టుకుని ఉంది.

"నిజం చెప్తున్నా తల్లీ, పోయినసారి నీకు ఓటెయ్యలేదు. ఈసారి మళ్ళీ నిలబడు. ఇప్పుడు నిన్ను నమ్మొచ్చు."