డాక్టరమ్మ కత్తెరకు సన్మానం

మంత్రసాని జానమ్మ రాగి గిన్నెలో కత్తెరను, రెండు పట్టుకార్లను ఉడకబెడుతుండగా దవాఖాన జవాను ఐలేశం స్మారక కమిటీ కాగితం తెచ్చాడు. నీళ్ళు మరగడం మొదలైన తరువాత అరగంట ఉడకాలన్నది డాక్టర్ అరుణమ్మ గారు నేర్పిన లెక్క. అది పూర్తయ్యేదాకా ఐలేశాన్ని కూర్చోమని చెప్పి, జానమ్మ ఇంకో కందిపుల్ల పొయ్యిలోకి ఎగదోసింది.

కాగితంలోని విషయం సంతోషకరమైనదే. ఈ జిల్లాలో కడుపు కోసి తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ బతికించిన మొదటి వైద్యురాలు, కీర్తిశేషురాలు అరుణమ్మ గారి జ్ఞాపకార్థం, నిజాం సర్కారు లెక్కన ఫసలీ 1351వ ఏట నల్గొండలో స్మారక సభ జరుగుతుంది. పందొమ్మిదేళ్ళలో ఒక్క రోజైనా దవాఖాన తలుపు మూయని ఆ మహనీయురాలి గౌరవార్థం దవాఖానను మూడు రోజులు మూసివేస్తారు. ఆమె చేతులు తాకిన పనిముట్లన్నిటినీ అద్దాల బీరువాలో భద్రపరుస్తారు. కనుక వాటిని జవానుకు అప్పగించవలెను.

"కొత్తయి వచ్చినయా?" అని అడిగింది జానమ్మ.

"కొత్తయిటికి అర్జీ పెడతరట. బీరువ మాత్రం వచ్చింది జానక్కా. అద్దంల మనిషి మొకం గూడ కనవడుతాంది," అన్నాడు ఐలేశం.

కమిటీని ఎంతో ఆలోచించి కూర్చారు. అరుణమ్మ గారు ఆడవాళ్ళకు మాత్రమే వైద్యం చేశారు. ఆమెకు చేయి చూపించుకున్న ఆడవాళ్ళను పదిమందిలోకి పిలవడం మర్యాద కాదు గనుక, ఆమె ఎన్నడూ నాడి పట్టి చూడని పద్దెనిమిది మంది మగవాళ్ళు సభ్యులయ్యారు. అధ్యక్షులు వకీలు చెన్నయ్య గారు. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ తన ఇంటి ఆడవాళ్ళను ఆ దవాఖాన గడప తొక్కనివ్వలేదు. అంత నిష్పాక్షికమైన మనిషి మరొకరు దొరకరు.

సభకు సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, ఒక షరతు మీద వచ్చింది. జిల్లాలో గత్తర, అదే కలరా, సోకినట్టు ఎవరూ మాట్లాడకూడదు. గత్తర సోకిన ఊళ్ళన్నీ తిరిగి గత్తరతోనే పోయిన అరుణమ్మ గారు, ఆనాటి నుంచి ఆయుష్షు తీరి పోయినవారయ్యారు.

సభ జరుగుతున్న మధ్యాహ్నమే పానగల్ నుంచి గొర్రెలు కాచే గుర్వయ్య రొప్పుతూ వచ్చాడు. కోడలు బిక్షమ్మకు నొప్పులు మొదలయ్యాయి. రెండేళ్ళ కింద ఆమె తొలి బిడ్డకు కొడవలితో బొడ్డు కోశారు. ఏడో రోజు దవడలు బిగుసుకుపోయి బిడ్డ దక్కలేదు. ఈసారి ఉడికిన కత్తెరతోనే కోస్తారని, తాను లేకపోయినా జానమ్మ ఉంటుందని అరుణమ్మ గారు ఆ పిల్లకు మాట ఇచ్చి పోయారు.

జానమ్మ సభకు వెళ్ళింది. లోపల ఆడవాళ్ళకు జాగా లేనందున గుమ్మం బయట నిలబడింది. బీరువాలో కత్తెర పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో కళకళలాడుతోంది. "ఆ తల్లి సేవాగుణమును మన స్త్రీలకు మనము నేర్పవలెను," అని చెన్నయ్య గారు ముగించారు. చప్పట్లు ఆగాక జానమ్మ సంగతి చెప్పింది.

"తాళం నా తాననే ఉన్నది. అధికారం కమిటీది," అన్నారాయన. "అయినా డాక్టరమ్మ ముట్టిన కత్తెర. దానికి మళ్ళ నెత్తురంటిస్తవా?"

"నెత్తురంటేటందుకే ఆమె దాన్ని ముట్టింది దొరా."

కమిటీ అక్కడికక్కడే సమావేశమైంది. కాన్పును మూడో రోజు దాకా ఆపగలిగితే కత్తెర విషయం సానుభూతితో పరిశీలించవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించి, నకలు ఒకటి గుర్వయ్యకు ఉచితంగా ఇచ్చింది. గుర్వయ్యకు చదువు రాదు. నకలు ఉర్దూలో ఉంది గనుక, తెలుగు చదువు వచ్చినా ఇబ్బంది లేదు.

పానగల్‌లో గుర్వయ్య ఇంటి గోడకు ఉన్ని కత్తిరించే కత్తెర వేలాడుతోంది. జానమ్మ దాన్ని ఇసుకతో తోమి కుండలో వేసింది. లోపల బిక్షమ్మ అరుస్తున్నా, నీడ చూసుకుంటూ అరగంటకు ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. గొర్రెల కత్తెర అని గుర్వయ్య సిగ్గుపడుతుంటే, "ఉడికినంక దానికి గొర్రె తెల్వది, మనిషి తెల్వది మామా," అంది.

ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు గడిచింది. ఎనిమిదో రోజు జానమ్మ వెళ్ళేసరికి పిల్ల తల్లి రొమ్మును గట్టిగా పట్టుకుని పాలు తాగుతోంది. జానమ్మ పిల్ల దవడను వేలితో తాకి చూసింది. మళ్ళీ చూసింది.

అప్పుడే కమిటీ వారు బండి దిగారు. ఈ అద్భుతానికి అరుణమ్మ గారి స్ఫూర్తి, కమిటీ మార్గదర్శకత్వం కారణమని చెన్నయ్య గారు వాకిట్లోనే ప్రకటించారు. బీరువాలో రెండో అర ఖాళీగా ఉంది గనుక గొర్రెల కత్తెరను గోడ మీంచి తీయించారు.

"ఉన్ని కోసే దినాలు దొరా. నాకున్నది గదొక్కటే," అన్నాడు గుర్వయ్య.

చరిత్ర త్యాగాలు కోరుతుందని కమిటీ కార్యదర్శి గారు వివరించారు.

"ఇగ జానమ్మా," అన్నారు చెన్నయ్య గారు ఆప్యాయంగా. "డాక్టరమ్మ చేతుల తయారైనదానివి, నువ్వు గూడ స్మారకమే. బీరువ పక్కన కుర్చీ ఏపిస్తం. పొద్దుగాల పది నుంచి నాలుగు దాక కూసుంటే చాలు. వచ్చినోళ్ళు చూసి పోతరు."

మరి కాన్పులెవరు చేస్తారని గుర్వయ్య అడిగాడు. దానికి వేరే కమిటీ వేస్తారట.

జానమ్మ పిల్ల మీద గుడ్డ సర్దింది. కార్యదర్శి గారి చేతిలోంచి కత్తెర తీసుకుని గుర్వయ్య చేతిలో పెట్టింది. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

పద్ధతి తప్పకూడదు గనుక, కార్యదర్శి గారు కుర్చీకి సమ్మతమేనా అని ఆ ఖాళీ గుమ్మాన్ని మూడుసార్లు అడిగి, అభ్యంతరం లేదని రాసుకున్నారు.