తెల్లకణాల ఖాళీలో సలోమి సిస్టరు

రెండో కీమో అయ్యాక వకుళ ఒంట్లోని తెల్లకణాలు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడంతో, ఆ ఖాళీలో ఆసుపత్రివారు స్టాఫ్ నర్సు సలోమిని తాత్కాలికంగా నియమించారు. ఉత్తర్వు కాపీ ఒకటి మంచానికి అంటించారు. రక్తక్యాన్సర్ వార్డులో ఇది మామూలే. మజ్జ కోలుకుని కొత్త కణాలు వచ్చి చేరేదాకా పరాయిదేదీ లోపలికి రాకుండా చూడడం సలోమి విధి. వస్తే మాత్రం ఏమవుతుందో చెప్పలేమని డాక్టరుగారు వకుళతో అని, "మిగతాది సిస్టరు చూసుకుంటారు" అంటూ వెళ్ళిపోయారు.

సలోమికి ఇదొక్కటే పనైతే బాగుండేది. పక్కమంచం ఆయనకు ప్లేట్‌లెట్ల అదనపు బాధ్యత కూడా ఆవిడదే. ఆయన పళ్ళు తోముకోబోతే చాలు, పరుగెత్తుకెళ్ళి చిగుళ్ళు అదిమి పట్టుకోవాలి. కిటికీ దగ్గర పెద్దాయన లివరు మెడికల్ లీవులో ఉంది, దాని పనీ ఆవిడే చూడాలి. మూలమంచం అమ్మాయి కణాలు ఆ అమ్మాయి కీళ్ళ మీదే దావా వేశాయి. భోజనాలయ్యాక సలోమి వాటికి పంచాయితీ చేసేది.

మొదటిరోజే అమలాపురం నుంచి వకుళ ఆడపడుచు రాజ్యలక్ష్మి దిగింది. పట్టుచీర, తలలో మల్లెపూలు, చేతిలో జున్ను గిన్నె.

"అక్కడే ఆగండమ్మా" అంది సలోమి.

"ఆగేదేంటి? మా తమ్ముడి పెళ్ళాం! నెత్తిమీద చెయ్యేసి నిమరకపోతే అది పరామర్శ ఎలా అవుద్ది?"

అని చెయ్యి చాపింది కూడా. సలోమి తెల్లకణం చెయ్యవలసిన పని చేసింది. అంటే, చుట్టుముట్టి మింగేసింది. చీర కుచ్చిళ్ళు మాత్రం కాస్త ఆలస్యంగా వెళ్ళాయి.

వకుళ భర్త భుజంగరావు మాస్కు సర్దుకుని, "మా అక్కయ్య..." అన్నాడు.

"లోపలున్నారండీ. బాగానే ఉన్నారు. ఫ్యాను లేదంటున్నారు."

పెళ్ళయిన ఈ పద్దెనిమిదేళ్ళలో ఫోనులోనైనా వదినగారి గొంతు వినబడని సాయంత్రాన్ని వకుళ ఎరగదు. మంచం మీంచే సలోమికి దణ్ణం పెట్టింది.

తరవాత బొప్పాయి ఆకుల రసం తెచ్చిన ఎదురింటావిడ లోపలికి వెళ్ళింది. యాపిల్స్ పట్టుకుని భుజంగరావు ఆఫీసువాళ్ళు ముగ్గురు వెళ్ళారు. అంతమందిని మోస్తూ మంచాల మధ్య తిరగడం సలోమికి ఆయాసంగానే ఉండేది. కానీ అది ఉత్తర్వులో లేదు.

చిక్కు భుజంగరావుతో వచ్చింది. జలుబు చేసింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాకపోతే చుట్టాలేమనుకుంటారోనని లిఫ్టులోంచి తుమ్ము ఆపుకుంటూ వచ్చాడు. తెల్లకణం సొంతదాన్ని ముట్టుకోకూడదు, పరాయిదాన్ని వదలకూడదు. ఏది ఏదో తేల్చే అధికారం రోగిది.

"మేడం, ఈయన మీవారా, పరాయివారా?"

వకుళ అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే ఆలోచించింది. "మావారేనండీ. ఈ పూటకి పరాయి అనుకోండి."

"వకుళా!" అన్నాడు భుజంగరావు. ఆ నోరు తెరవడంలో తుమ్ము బయటపడింది. ఆయన లోపలికి వెళ్ళాడు, తుమ్ము వార్డులో ఉండిపోయింది.

సాయంత్రానికి వకుళకు వణుకు పుట్టింది, ఒళ్ళు కాలిపోయింది. సలోమి సెలైన్లోకి మందు ఎక్కించి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, వాంతికి గిన్నె పట్టింది. ఇంటికెళ్ళే వేళయింది. పోరు మధ్యలో తెల్లకణం బస్సెక్కే నిబంధన లేదు, ఆవిడ వెళ్ళలేదు.

"పోతానా సిస్టరుగారూ?"

"నా డ్యూటీలో పోకండి మేడం. కాయితాలు రాయలేక చస్తాను."

వకుళకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆవిడ చెయ్యి పట్టుకుని పడుకుంది. జ్వరం దిగేసరికి సలోమి గొంతు పూర్తిగా పోయింది.

ఆ తరవాత కొత్త తెల్లకణాలు వచ్చి సంతకాలు పెట్టి చేరాయి. సలోమి చార్జి అప్పగించి, లోపలివాళ్ళను ఒక్కొక్కరినీ బయటికి దించింది. భుజంగరావు జలుబు నయమై వచ్చాడు. రాజ్యలక్ష్మి కాస్త నలిగి వచ్చింది. జున్ను గిన్నె ఖాళీగా ఉంది. ఆ మాట అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎత్తలేదు.

సలోమి గోడ పట్టుకుని దగ్గింది.

"మీకు బాగాలేకపోతే మీ తెల్లకణాలుగా ఎవర్ని వేస్తారండీ?" అంది వకుళ.

"నావన్నీ ఇక్కడే ఖర్చయిపోయాయండీ. మాకు ఆ పోస్టు ఇంకా శాంక్షన్ కాలేదు. ఏడాదికోసారి చప్పట్లూ శాలువా ఉంటాయి."

ఇంతలో రాజ్యలక్ష్మి, "నా తల్లే! మా మరదల్ని బతికించావే!" అంటూ సలోమి బుగ్గలు పుణికి మెటికలు విరవడానికి రెండు చేతులూ చాపుకుంటూ వచ్చింది. లోపల చేతులు కడుక్కోవడానికి నీళ్ళెక్కడివి?

వకుళ బోడితల మీద గుడ్డ సర్దుకుని మంచం దిగింది. ఇద్దరి మధ్యా నిలబడి, "వదినగారూ, ఒక్క నిమిషం" అని నోరు తెరిచింది. కుచ్చిళ్ళు ఈసారి కూడా ఆలస్యంగానే వెళ్ళాయి.

చాలా రోజుల తరవాత సలోమి స్టూలు మీద కూర్చుంది. వకుళ ఆవిడకు గోరువెచ్చటి నీళ్ళిచ్చి తలుపు దగ్గర కాపలా నిలబడింది. ఆసుపత్రి ఆఫీసునుంచి గుమస్తా వచ్చి, సలోమి తెల్లకణాల ఖాళీ భర్తీ అయినట్టు రాసుకున్నాడు.

"జీతం ఉండదు. అలా పనిచేసిన అనుభవం ఉందా?" అని వకుళను అడిగాడు.

"మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళండీ" అన్నాడు భుజంగరావు గర్వంగా.

"అయితే సరిపోతుంది" అని గుమస్తా ముద్ర వేశాడు.